మూత్రం బాగానే వస్తోంది కదా!

"మూత్రం బాగానే వస్తోంది కదండీ, కిడ్నీలు పాడయ్యాయంటారేమిటి?"

కిడ్నీ డాక్టర్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో కూలీలూ ఉంటారు, ఇంజనీర్లూ ఉంటారు. నడుంనొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. మొన్నమొన్నటిదాకా పొలానికో ఆఫీసుకో వెళ్లి వచ్చినవాళ్లే. అన్నం సయించడం లేదనీ, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందనీ వస్తారు. రక్తపరీక్ష చేసి, కిడ్నీలు పదోవంతు కూడా పనిచేయడం లేదని చెబితే ఎవరికి మాత్రం నమ్మబుద్ధవుతుంది? రిపోర్టు తారుమారైందేమోనని ఇంకో ల్యాబుకి పరుగెత్తుతారు. అక్కడా అదే అంకె వస్తుంది.

ప్రశ్న అమాయకంగా కనిపించినా, దానికి సరైన జవాబు చెప్పాలంటే కిడ్నీ పనితీరంతా చెప్పుకురావాలి. కామెర్లు కళ్లలో కనిపిస్తాయి. గుండెజబ్బు చాలామందికి నొప్పితో తెలుస్తుంది. కిడ్నీ జబ్బు మాత్రం ముదిరేదాకా మనిషికి తెలియదు. ముందుగా తెలిసేది పరీక్షకే.

రోజుకు 180 లీటర్లు

కిడ్నీలు వీపువైపు, చివరి పక్కటెముకల చాటున, వెన్నుపూసకు చెరో పక్కన ఉంటాయి. కాలేయం పైన చోటు ఆక్రమించడంతో కుడివైపుది కాస్త కిందికి జరిగి ఉంటుంది. ఒక్కోటి పిడికిలంత, బరువు సుమారు 150 గ్రాములు. ఇంత చిన్న అవయవాలకు గుండె పంపే రక్తంలో అయిదోవంతు వెళుతుంది. అంటే నిమిషానికి లీటరు పైచిలుకు. కిడ్నీలకు ఆహారంగా అంత రక్తం అక్కర్లేదు. అది శుభ్రం కావడానికి వస్తుంది.

ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ అంటే రెండు భాగాలున్న చిన్న యంత్రం. మొదటిది సన్నని రక్తనాళాల ఉండ, దీన్ని వడపోత కుచ్చు అందాం. వైద్యవిద్యార్థులు గ్లోమెరులస్ అంటారు. రెండోది దాని నుంచి మొదలై మెలికలు తిరుగుతూ పోయే నాళిక, అంటే ట్యూబ్యూల్. కుచ్చు వడకడుతుంది, నాళిక తిరిగి పీల్చుకుంటుంది.

సంక్రాంతికి ఇల్లు దులిపే తీరు గుర్తు చేసుకోండి. మూలమూలనా చెత్తను వెతికి ఏరుతూ కూర్చోం. సామానంతా వాకిట్లోకి చేరవేసి, కావలసినవి ఒక్కొక్కటే తుడిచి లోపల పెట్టుకుంటాం. చివరికి వాకిట్లో మిగిలిందే చెత్త. కిడ్నీ కూడా అంతే. రక్తకణాలనూ ప్రొటీన్లనూ లోపలే ఉంచి, నీళ్లు, ఉప్పులు, చక్కెర, యూరియా అన్నిటినీ కుచ్చులోంచి బయటికి నెట్టేస్తుంది. అలా రోజుకు 180 లీటర్లు వడకడుతుంది. తరవాత నాళిక అందులోంచి కావలసినవి వెనక్కి తీసుకుంటుంది. చక్కెర మొత్తం, ఉప్పులో నూటికి 99 పాళ్లు, నీళ్లలో 178 లీటర్లకు పైగా లోపలికి వెళ్లిపోతాయి. మిగిలిన లీటరున్నర మూత్రం.

చుట్టుదారిలా తోచే ఈ పద్ధతిలో పెద్ద తెలివి ఉంది. మన పూర్వీకులు ఎన్నడూ ఎరగని మందో రంగో ఒంట్లోకి వచ్చినా, దాన్ని గుర్తుపట్టి పట్టుకునే ఏర్పాటు కిడ్నీకి అక్కర్లేదు. అన్నిటితోపాటు అదీ బయటికి పోతుంది. దాన్ని లోపలికి తెచ్చుకునే నాథుడు లేకపోతే బయటే ఉండిపోతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. కిడ్నీలు పదోవంతుకు పడిపోయిన మనిషిలో రోజుకు 180 కాక 18 లీటర్లే వడకట్టబడతాయి. నాళికలు అందులో పదహారున్నర లీటర్లు వెనక్కి తీసుకుంటే, మూత్రం మళ్లీ ఆ లీటరున్నరే. బయటికొచ్చే నీళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. తగ్గింది వడపోత, అది సీసాలో పట్టి చూస్తే కనిపించదు.

మరి చెత్త సంగతి? రోజూ పుట్టే చెత్త రోజూ పోవాల్సిందే, లేకపోతే మనిషి ఎక్కువ రోజులు బతకడు. రోజుకు ఇంట్లో పదోవంతు సామానే వాకిట్లోకి వస్తోందనుకోండి. మునుపటంత చెత్తే బయటపడాలంటే ఇల్లు పదింతలు మురికిగా ఉండాలి. రక్తంలో జరిగేదీ ఇదే. విసర్జన ఎప్పటంతే ఉంటుంది, కానీ రక్తంలో చెత్త మట్టం పదింతలై ఉంటుంది. శరీరం ఆ మురికిలోనే ఎలాగో సర్దుకుపోతుంది. మిగిలిన నెఫ్రాన్లు పోయినవాటి పని కూడా నెత్తికెత్తుకుంటాయి. అందుకే కిడ్నీ దానం చేసినవాళ్లు ఒక్కదానితో నిక్షేపంగా బతుకుతారు. అందుకే జబ్బు కూడా ఏళ్ల తరబడి పైకి కనిపించకుండా సాగిపోతుంది.

అయినా చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి ముందుగా తగ్గుతుంది కనుక రాత్రి రెండుమూడుసార్లు లేవాల్సి వస్తుంది. "బాగానే వస్తోంది" అని సంబరపడేది చాలాసార్లు దీన్ని చూసే. మూత్రంలో ప్రొటీన్ పోతుంటే నురగ వచ్చి, నీళ్లు పోసినా ఒక పట్టాన పోదు. పొద్దున్నే కళ్లకింద ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు కనిపిస్తాయి. ఎర్రరక్తకణాల తయారీకి ఎముకమజ్జకు ఆదేశమిచ్చే ఎరిత్రోపోయిటిన్ కిడ్నీలోనే పుడుతుంది. అది తగ్గితే రక్తం తగ్గి నీరసం. విటమిన్ డి కి చివరి మెరుగు పెట్టేదీ కిడ్నీయే. ఆ పని ఆగితే ఎముకలు గుల్లబారతాయి. ఇవన్నీ విడివిడిగా చూస్తే వయసుకో, పని ఒత్తిడికో అంటగట్టేయగలిగినవే.

చెంచా, కొవ్వొత్తి, క్రియాటినిన్

1827లో లండన్ గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ అనే డాక్టరు ఒళ్లంతా నీరు పట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంటమీద పట్టాడు. కోడిగుడ్డు తెల్లసొనలా అది గడ్డకట్టింది. ఆ రోగులు చనిపోయాక శవపరీక్షలో కిడ్నీలు చెడిపోయి కనిపించాయి. గడ్డకట్టినది ఆల్బుమిన్ అనే ప్రొటీన్. ఆరోగ్యంగా ఉన్న కుచ్చు దాన్ని బయటికి పోనివ్వదు. మూత్రంలో అది కనిపించిందంటే జల్లెడ చిరిగిందన్నమాటే. ఇప్పుడు చెంచా, కొవ్వొత్తి బదులు మూత్రంలో ఆల్బుమిన్‌ను క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోల్చి లెక్కగడతారు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే సరి. 30 దాటితే అనుమానించాలి, 300 దాటితే ప్రమాదం.

రెండో పరీక్ష రక్తంలో క్రియాటినిన్. దీనివెనక మన తెలుగువాడి పేరు ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని వెల్లడించారు. కండరం ఒక్కసారిగా పనిచేయాల్సి వచ్చినప్పుడు వాడుకునే శక్తినిల్వ అది. అందులో కొద్దిభాగం ప్రతిరోజూ తనంతట తాను క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి చేరుతుంది. శరీరానికి దాంతో పనిలేదు. దాన్ని ప్రధానంగా బయటికి పంపేది కిడ్నీల వడపోతే. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో పుడుతుంది కాబట్టి, రక్తంలో దాని మట్టాన్నిబట్టి వడపోత ఎంత జరుగుతోందో అంచనా కట్టవచ్చు.

ఈ అంకెను చదవడంలోనే చాలామంది పొరబడతారు. ఒక మనిషికి క్రియాటినిన్ 0.8 ఉండేదనుకుందాం. కిడ్నీల పని సగానికి పడితే అది 1.6 అవుతుంది. పావుకి పడితే 3.2, ఎనిమిదోవంతుకి పడితే 6.4. అంటే 0.8 నుంచి 1.6కి పెరిగినప్పుడు పోయింది కిడ్నీ శక్తిలో సగం. 3.2 నుంచి 6.4కి పెరిగినప్పుడు పోయింది ఎనిమిదోవంతే. జనం మాత్రం 1.6ని "కొంచెం ఎక్కువుందట" అని వదిలేసి, 6 దాటాక హడావిడి పడతారు. అసలు హడావిడి పడాల్సింది మొదటి మెట్టు దగ్గర.

ఇంకో చిక్కు కూడా ఉంది. క్రియాటినిన్ కండరంలోంచి వస్తుంది కనుక బక్కపలచని వాళ్లలో, ముసలివాళ్లలో తక్కువ పుడుతుంది. కిడ్నీ సగం పోయినా రిపోర్టులో అంకె మామూలు హద్దులోనే కనిపించవచ్చు. అందుకని వయసు, స్త్రీయా పురుషుడా అన్నదీ కలిపి వడపోత వేగాన్ని లెక్కవేస్తారు. ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 నాటి సూత్రం ప్రకారం, క్రియాటినిన్ 1.3 ఉన్న పాతికేళ్ల యువకుడికి వడపోత నిమిషానికి సుమారు 78 మిల్లీలీటర్లు. అదే 1.3 ఉన్న 55 ఏళ్ల స్త్రీకి సుమారు 49. ల్యాబు కాగితంమీద ఇద్దరిదీ ఒకటే అంకె. ఒకరికి మళ్లీ ఒకసారి చూసుకుంటే సరిపోవచ్చు, రెండోవారికి కిడ్నీ జబ్బు మూడో దశలో ఉండవచ్చు.

వడపోత 60 కన్నా తక్కువగానీ, మూత్రంలో ఆల్బుమిన్ ఎక్కువగానీ మూడు నెలలకు పైగా ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 90 పైన మొదటి దశ, 60 నుంచి 89 రెండు, 30 నుంచి 59 మూడు, 15 నుంచి 29 నాలుగు, 15 లోపు అయిదు. 60 పైన ఉన్నా మొదటి రెండు దశలనడానికి ఆల్బుమిన్ లాంటి ఇంకో దెబ్బ గుర్తు కనిపించాలి. ఆ తరవాత అల్ట్రాసౌండ్‌లో కిడ్నీల సైజు చూస్తారు. ముడుచుకుపోయిన చిన్న కిడ్నీలు జబ్బు పాతదని చెబుతాయి. అప్పటికీ కారణం అంతుబట్టకపోతే, కిడ్నీ సైజు బాగుంటే, సూదితో చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. అదే బయాప్సీ.

ముందు, లోపల, తరవాత

కిడ్నీ ఎందుకు దెబ్బతింటుందని అడిగితే వైద్యవిద్యార్థులకు నేర్పే పద్ధతి తేలికైనది. కారణం కిడ్నీకి ముందుందా, కిడ్నీలోనే ఉందా, కిడ్నీ దాటాక ఉందా అని చూడాలి.

ముందు అంటే రక్తం అందకపోవడం. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయినా, ప్రసవంలో రక్తం ఎక్కువ పోయినా, గుండె బలహీనపడినా వడపోతకు కావలసిన ఒత్తిడి చాలదు. వేళకు సెలైన్ ఎక్కిస్తే ఈ కిడ్నీలు చాలావరకు తిరిగి కోలుకుంటాయి. ఆలస్యమైతే నాళికలే చచ్చిపోతాయి. తరవాత అంటే దారిలో అడ్డు. రెండు వైపులా రాళ్లు, మగవాళ్లలో ప్రోస్టేట్ వాపు, ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు వంటివి. అడ్డు తీసేస్తే కిడ్నీ తేరుకుంటుంది కాబట్టి ఎవరికి కిడ్నీ చెడినా ముందు స్కాన్ తీసి దీన్ని తోసిపుచ్చుకోవాలి.

లోపలి కారణాల జాబితా పెద్దది. హఠాత్తుగా దెబ్బకొట్టేవాటిలో మన పల్లెల్లో ముందు చెప్పుకోవాల్సింది రక్తపింజర కాటు. దాని విషం రక్తం గడ్డకట్టే పద్ధతినే అస్తవ్యస్తం చేసి కిడ్నీలను కొడుతుంది. ఎలకల మూత్రం కలిసిన బురదనీళ్ల ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్, ముదిరిన మలేరియా, కలుపుమందు పారాక్వాట్ ఒంట్లో చేరడం కూడా ఈ కోవలోవే. మెల్లగా తినేసే కారణాల్లో మొదటిది షుగరు, రెండోది బీపీ. షుగరు తొలినాళ్లలో కుచ్చులమీద ఒత్తిడి పెంచి వడపోతను మామూలుకన్నా ఎక్కువ చేస్తుంది. అందువల్ల రిపోర్టు భేషుగ్గా కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఒత్తిడికే కుచ్చులు కారడం, మచ్చబడటం మొదలవుతాయి. బీపీ కిడ్నీని చెడగొడుతుంది, చెడిన కిడ్నీ బీపీని పెంచుతుంది. ఏది ముందో తేల్చడం ఒక్కోసారి డాక్టరుకీ కష్టమే.

మన రోగనిరోధక శక్తే దారితప్పి కుచ్చులమీద పడే జబ్బులు ఇంకో గుంపు. పిల్లల్లో హఠాత్తుగా ముఖం, ఒళ్లు ఉబ్బి మూత్రంలో ప్రొటీన్ ధారగా పోయే నెఫ్రోటిక్ జబ్బు చూడటానికి భయం పుట్టించినా, చాలామంది పిల్లలు స్టెరాయిడ్లకు బాగా లొంగుతారు. వంశంలో వచ్చేవాటిలో ముఖ్యమైనది నీటితిత్తుల జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం.

మందుల వల్ల వచ్చేది కూడా తక్కువేం కాదు. వడపోత కుచ్చులోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవాటిలో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం ఒకటి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పిబిళ్లలు దాన్నే ఆపేస్తాయి. ఒంట్లో నీళ్లు బాగా ఉన్నవాడు ఒకటీ అరా వేసుకుంటే ఏమీ కాదు. ఎండలో రోజంతా పనిచేసి, చెమటకు నీరంతా పోయి, సాయంత్రం ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ల వేసుకునేవాడి సంగతి వేరు. పసరుమందులూ అంతే. ఈశ్వరి, గాడిదగడప అని మనం పిలిచే తీగల జాతిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది, అది నాళికలను చంపుతుంది. పాదరసం కలిసిన నాటుమందులు, ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లలో మూత్రంలోకి ప్రొటీన్ కారిపోయే జబ్బును మన దేశపు డాక్టర్లే గుర్తించారు.

ఉద్దానం అడిగే ప్రశ్న

ఈ జాబితాలో దేనికీ లొంగని జబ్బు ఒకటి శ్రీకాకుళం జిల్లాలో ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో సముద్రపు ఒడ్డున పరుచుకున్న ఉద్దానం కొబ్బరికీ జీడిమామిడికీ పనసకీ పేరుపడ్డ నేల. 1990ల నుంచి అక్కడ కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టుకుంది. 2019, 2020లలో వెలువడిన అధ్యయనాలు చూస్తే పెద్దవాళ్లలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి ఈ జబ్బు కనిపించింది. వాళ్లలో చాలామందికి షుగరు లేదు. క్రియాటినిన్ అన్నది వైద్యుల మాట కాదక్కడ, ఇంటింటి మాట.

జబ్బు తీరు కూడా వేరు. షుగరు కుచ్చులను కొడితే, ఇది నాళికలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ కొడుతుంది. కుచ్చు అనే జల్లెడ చిరగదు గనుక మూత్రంలో ప్రొటీన్ చాలాకాలం పోదు, పోయినా కొద్దిగానే. వాపులు రావు. బీపీ మొదట్లో పెరగదు. బ్రైట్ చెంచా ఇక్కడ ఏమీ పట్టుకోలేదు. మూత్రంలో పుల్ల ముంచి చూసి "బాగానే ఉంది" అని పంపేస్తే రోగిని పోగొట్టుకున్నట్టే. రక్తంలో క్రియాటినిన్ చూడాలి, అదీ బక్కపలచని రైతుకూలీలో వయసు లెక్కతో కలిపి చదవాలి.

కారణమేమిటి? తాగే నీళ్లలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఉక్కపోతలో ఒళ్లు హూనం చేసుకుని చేసే పని, నీళ్లు చాలినంత తాగకపోవడం, నొప్పిబిళ్లలు, జన్యువులు అన్నిటినీ అనుమానించారు. ఏ ఒక్కటీ దోషి అని ఇంతవరకూ తేలలేదు. తేల్చడం ఎందుకింత కష్టమంటే, రోగి దొరికేసరికి కిడ్నీ మచ్చబడిపోయి ఉంటుంది. బయాప్సీలో గాయం కనిపిస్తుంది గానీ గాయపరిచిందెవరో కనిపించదు. ఇవాళ బావిలోంచి తీసిన నీళ్ల సీసా, ఇరవై ఏళ్ల కిందట ఆ మనిషి తాగిన నీళ్ల గురించి సాక్ష్యం చెప్పలేదు.

ఉద్దానానికి తోడు ప్రపంచంలో ఇంకొన్ని చోట్లు ఉన్నాయి. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరిరైతులు, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా చెరుకుకోత కూలీలు ఇలాంటి జబ్బుతోనే పోతున్నారు. మన ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లోనూ కిడ్నీ రోగుల బాధ ఏళ్లుగా వార్తల్లో ఉంది. ఎండవేడి, కాయకష్టం, పేదరికం ఈ అన్నిచోట్లా ఉన్నాయి.

ఇలాంటి చిక్కుముడి ఒకటి మాత్రం విడిపోయింది. డాన్యూబ్ ఉపనదుల వెంబడి బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా పల్లెల్లో ఇలాగే ఊళ్లను పట్టిన కిడ్నీ జబ్బును 1950లలో గుర్తించారు. నీళ్లను, బూజును, లోహాలను అనుమానిస్తూ దశాబ్దాలు గడిచాయి. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గడానికి చైనా మూలికల మందు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు అచ్చం అలాగే చెడిపోయాయి. ఆ మందులో అరిస్టోలోకియా జాతి మొక్క కలిసి ఉంది. డాన్యూబ్ పల్లెల గోధుమచేలలో కలుపుగా మొలిచేదీ అదే జాతి మొక్క. దాని గింజలు గోధుమలతోపాటు పిండిలోకి, పిండిలోంచి రొట్టెలోకి చేరాయి. 2007కల్లా రోగుల కిడ్నీలలోని డీఎన్ఏ మీద ఆ ఆమ్లం వదిలిన గుర్తులు దొరికాయి. అప్పటికి అర్ధశతాబ్దం గడిచింది.

నికరాగువాలో అంతకాలం ఆగలేదు. కారణం పూర్తిగా తేలకపోయినా, చెరుకుకోత కూలీలకు నీళ్లు, నీడ, నడుమనడుమ తప్పనిసరి విశ్రాంతి ఇచ్చి చూశారు. ఆ సీజన్లలో కిడ్నీకి దెబ్బ తగిలిన కూలీల సంఖ్య తగ్గింది. ఉద్దానంలోనూ నీటివైపు ఒక అడుగు పడింది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని గొట్టాలద్వారా తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఎండలో పని, నొప్పిబిళ్లల సంగతి మాత్రం గొట్టాలతో తీరేది కాదు.

మందులు, తిండి, నీళ్లు

చచ్చిన నెఫ్రాన్ తిరిగి పుట్టదు. వైద్యం చేసేదల్లా మిగిలినవాటిని కాపాడటం. మిగిలినవి తక్కువైనకొద్దీ ఒక్కోదానిమీదా భారం పెరిగి, ఆ భారానికే అవీ పోతాయి. ఆ భారం దించే మందులే ముఖ్యమైనవి.

మొదటి రకం రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి. బీపీ తగ్గించడమే కాక కుచ్చులోపలి ఒత్తిడినీ, ప్రొటీన్ కారడాన్నీ తగ్గిస్తాయి. ఈ కుటుంబంలో తొలి బిళ్ల కాప్టోప్రిల్‌కు దారి చూపింది బ్రెజిల్‌లోని ఒక పింజర పాము విషం. రెండో రకం డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. నాళిక చక్కెరను వెనక్కి తీసుకోకుండా ఇవి అడ్డుకుంటాయి. షుగరు మందులుగా వచ్చి, షుగరు లేనివాళ్ల కిడ్నీలనూ కాపాడతాయని 2020 నుంచి వచ్చిన పెద్ద పరీక్షల్లో నిరూపించుకున్నాయి. ఈ రెండు రకాలూ మొదలుపెట్టగానే క్రియాటినిన్ కాస్త పెరగవచ్చు. ఒత్తిడి తగ్గినందువల్ల వచ్చే పెరుగుదల అది. కంగారుపడి రోగి తనంతట తాను మానేయడమే నష్టం. అయితే వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో వీటిని తాత్కాలికంగా ఆపాలేమో డాక్టరును అడగాలి.

తిండి విషయంలో ఇరుగుపొరుగు సలహాలకు లోటుండదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదు, అంటే చెంచాడు. ఆవకాయ, అప్పడం, ఎండుచేప లెక్కలోకి వస్తాయి. బీపీకి మంచిదని అమ్మే సోడియం తక్కువ ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగా చెడినవాడు దాన్ని బయటికి పంపలేడు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం దండిగా ఉంటుంది. ఎండలో పనిచేసే ఆరోగ్యవంతుడికి చలువచేసే బొండాం, నాలుగో దశ దాటిన రోగికి ప్రమాదం. కొబ్బరితోటల నడుమ బతికే ఉద్దానం రోగికి ఈ మాట ఎంత ఓపికగా చెప్పాలో ఊహించుకోండి.

నీళ్లు ఎక్కువ తాగితే కిడ్నీలు కడిగినట్టవుతాయా? రాళ్లు వచ్చేవాళ్లకు, ఎండలో పనిచేసేవాళ్లకు నీళ్లు రక్షణే. కాళ్లు ఉబ్బి మూత్రం తగ్గినవాడికి అవే నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరాడనివ్వవు. ఏ మనిషికి ఎన్ని నీళ్లన్నది దశనుబట్టి డాక్టరు చెప్పాలి.

యంత్రమూ దానమూ

వడపోత 15 లోపుకి పడి, వాంతులు, ఆయాసం, మత్తు మొదలయ్యాక రెండే దారులు. ఒకటి డయాలిసిస్, ఇంకోటి కిడ్నీ మార్పిడి.

డయాలిసిస్‌ను సాధ్యం చేసిన విలెమ్ కోల్ఫ్ నెదర్లాండ్స్‌లోని కాంపెన్ అనే చిన్న ఊరి డాక్టరు. నాజీల ఆక్రమణలో, వస్తువుకు కటకటగా ఉన్న రోజుల్లో, 1943లో మాంసపు సాసేజీలకు తొడిగే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క పీపాకు చుట్టి, ఉప్పునీళ్ల తొట్టిలో తిప్పుతూ అందులోంచి రోగి రక్తం పారించాడు. మొదట్లో చికిత్స చేసినవాళ్లు దాదాపు ఎవరూ దక్కలేదు. 1945లో స్పృహ లేకుండా వచ్చిన 67 ఏళ్ల మహిళ కళ్లు తెరిచింది. సూత్రం ఇప్పటికీ అదే. పలచని పొరకు ఒకవైపు రక్తం, ఇంకోవైపు శుద్ధిచేసిన ఉప్పునీరు. ఎక్కువున్న చోటినుంచి చెత్త తక్కువున్న చోటికి పాకుతుంది. ఒక్కో విడతకు అలా పారే నీరు సుమారు 120 లీటర్లు. అందుకే కరెంటూ మంచినీరూ సరిగా లేని ఊళ్లో డయాలిసిస్ కేంద్రం నడపడం కష్టం.

వారానికి మూడు విడతలు, నాలుగేసి గంటలు. సొంత కిడ్నీలు వారంలో 168 గంటలూ చేసే పనిని యంత్రం 12 గంటల్లో చేయాలి, అదీ కొంతమేరకే. అంతకుముందే చేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా చేస్తారు. అది పక్వానికి రావడానికి వారాలు పడుతుంది. కనుక ఆ చేతికి సూదులు గుచ్చనివ్వకూడదని నాలుగో దశలోనే రోగికి చెప్పిపెట్టాలి. ఇంట్లోనే కడుపుపొరను జల్లెడగా వాడుకునే పెరిటోనియల్ డయాలిసిస్ కూడా ఉంది. వారానికి మూడుసార్లు బస్సెక్కి కేంద్రానికి వెళ్లలేనివాళ్లకు అది వరం. ఆరోగ్యశ్రీ, 2016లో మొదలైన జాతీయ డయాలిసిస్ కార్యక్రమం వచ్చాక మన దగ్గర ఉచితంగా డయాలిసిస్ దొరకడం మొదలైంది. ఉద్దానం రోగులు ఒకప్పుడు విశాఖదాకా వెళ్లేవారు, ఇప్పుడు సోంపేట, పలాసల్లోనే కేంద్రాలున్నాయి.

మార్పిడి ఇంకా మేలైనది. 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే కవలసోదరుల్లో ఒకరి కిడ్నీ ఇంకొకరికి అమర్చి విజయం సాధించాడు. ఏకరూప కవలలు కావడంతో శరీరం దాన్ని పరాయిదని తోసేయలేదు. మిగతావాళ్లకు ఆ తిరస్కారాన్ని అణిచే మందులు జీవితాంతం కావాలి. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కిడ్నీ మార్పిడి విజయవంతమైంది. అమ్మకాలను నేరం చేస్తూ, మెదడు మరణాన్ని గుర్తిస్తూ 1994లో చట్టం వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో మరణానంతర అవయవదానాలను జీవన్‌దాన్ నడుపుతోంది. కిడ్నీకోసం పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్లకు సరిపడా దానాలు లేవు.

ఎవరు, ఎప్పుడు

షుగరున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బున్నవాళ్లు, రాళ్లు పదేపదే వచ్చేవాళ్లు, నెలలతరబడి నొప్పిబిళ్లలు వాడినవాళ్లు ఏడాదికోసారి రెండు పరీక్షలు చేయించుకోవాలి. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్. ఒకటి కుచ్చు చిరగడాన్ని చెబుతుంది, ఇంకోటి వడపోత తగ్గడాన్ని చెబుతుంది. ఒకటి చూసి ఇంకోటి వదిలేయకూడదని ఉద్దానం నేర్పింది. ఉద్దానంలాంటి చోట్లయితే షుగరు, బీపీ లేకపోయినా ఎండన పనిచేసే పెద్దవాళ్లందరికీ ఈ పరీక్షలు అందాలి.

వైద్యవిద్యార్థులు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. రోగి "ఏ బాధా లేదు" అన్నంతమాత్రాన కిడ్నీ బాగున్నట్టు కాదు, క్రియాటినిన్ 1.3 అన్నంతమాత్రాన బాగా లేనట్టూ కాదు. పాత రిపోర్టులు తెప్పించి పక్కపక్కన పెట్టి చూడాలి. ఏడాది కిందట 0.8 ఉండి ఇవాళ 1.3 అయితే, ఆ రోగికి మందు, తిండి, నొప్పిబిళ్లల సంగతి ఆరోజే మాట్లాడాలి. అప్పటికి కిడ్నీలో సగానికిపైగా మిగిలే ఉంటుంది. అంత మిగిలుండగా పట్టుకుంటే చాలామందిని డయాలిసిస్ దాకా రాకుండా ఆపవచ్చు, మిగతావాళ్లకు కనీసం కొన్ని ఏళ్లు కలిసొస్తాయి.